వంతెనను చూసి కాదు, తూచి మార్కులేయండి

సంపాదకులకు,

అయ్యా,

పోయిన వారం మీ జిల్లా పేజీలో దసరా సెలవుల ప్రాజెక్టుల ప్రదర్శన ఫొటో వేశారు. ముందు వరుసలో ఒక పాప, చేతుల్లో తెల్లటి థర్మకోల్ వంతెన, దాని మీద బొమ్మ కార్లు, అంచుల వెంట వెలుగుతున్న బుల్లి బల్బులు. ఫొటో బాగుంది, పాప ముద్దుగా ఉంది. ఆ వంతెన మీద ఒక కొబ్బరికాయ పెడితే ఏమవుతుందో అని మాత్రం నాకు అనుమానం వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లు రైల్వే బ్రిడ్జీల మీద పనిచేసినవాడికి ఇలాంటి అనుమానాలే వస్తాయి, మన్నించాలి.

నేను 1976లో బ్రిడ్జి ఖలాసీగా చేరాను, 2014లో మేస్త్రీగా రిటైరయ్యాను. మాది కొవ్వూరు. 2022 దాకా పశ్చిమ గోదావరి వాళ్లం, ఇప్పుడు తూర్పు గోదావరి వాళ్లం. గోదారి మాత్రం ఉన్నచోటే ఉంది. నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. లెక్కలు కట్టింది ఇంజనీర్లు, సుత్తి పట్టుకుని రివెట్లు (ఇనుప కడ్డీల్ని కలిపి బిగించే గుబ్బ మేకులు) తట్టి చూసింది మేము. కాబట్టి ఈ ఉత్తరంలో పుస్తకాల భాష ఉండదు.

సంగతేంటంటే, ఏడో తరగతి చదివే మా మనవరాలికి కూడా ఈ సెలవుల్లో వంతెన ప్రాజెక్టే ఇచ్చారు. స్కూలు వాట్సాప్ గ్రూపులో ఒకే ఒక్క లైను: ‘వంతెన నమూనా తయారు చేసి తీసుకురావలెను.’ ఏ రకం వంతెన, ఎంత పొడవు, ఎంత బరువు మోయాలి, ఏమీ లేదు. మా కోడలికి టెన్షన్ మొదలైంది. పుస్తకాల షాపులో రెడీమేడ్‌ది మూడు వందల యాభైకి దొరుకుతోందట. ‘కొనేద్దాం నాన్నా, ఓ పనైపోతుంది’ అన్నాడు మావాడు. షాపువాణ్ణి నేను తప్పుపట్టను. అడిగేవాళ్లున్నారు కాబట్టి అమ్ముతున్నాడు. కానీ ముగ్గురు మునిమాపు దాకా వంతెనల మీదే పనిచేసి తిన్న ఇంట్లోకి కొన్న వంతెన రావడమంటే నాకు మనసొప్పలేదు. (ముగ్గురూ అంటే నేను, మా నాన్న, మా బాబాయి.)

మర్నాడు సాయంత్రం మనవరాల్నీ, నాలుగో తరగతి మనవణ్ణీ గోష్పాద క్షేత్రం రేవుకి తీసుకెళ్లాను. మెట్ల మీద కూర్చుంటే రైలు వంతెనలు మూడూ కనిపిస్తాయి. ఇంత దగ్గర్లో ఇన్ని రకాలు చూసే అదృష్టం ఎంతమంది పిల్లలకుంటుంది చెప్పండి. పాతది హేవలాక్ బ్రిడ్జి. 1897 నవంబరులో పని మొదలుపెట్టి 1900 ఆగస్టులో రైలు నడిపించేశారు. రాతి స్తంభాల మీద ఉక్కు గర్డర్లు, అంటే దూలాలు. 56 స్పాన్లు, ఒక్కోటి 150 అడుగులు. స్పాను అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం. 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు. రెండోది 1974లో వచ్చిన రోడ్ కం రైలు బ్రిడ్జి, కింద రైలు, పైన రోడ్డు. అందులో 91.5 మీటర్ల స్పాన్లు 27, అవి కాక చిన్నవి 7. మూడోది కాంక్రీటు ఆర్చి బ్రిడ్జి, 28 విల్లులు, ఒక్కోటి 97 మీటర్లకు పైనే.

‘తాతయ్యా, దీంట్లో అన్నీ అడ్డదిడ్డంగా కడ్డీలెందుకు?’ అన్నాడు చిన్నోడు రోడ్ కం రైలు బ్రిడ్జి చూపించి. అడ్డదిడ్డం కాదురా, అవి త్రికోణాలు అన్నాను. అంటే వాడికేం తెలుస్తుంది? ఇంటికొచ్చాక నాలుగు చీపురుపుల్లలు తీసి, మూలల్లో దారంతో కట్టి, చతురస్రం చేసి చేతికిచ్చాను. ఒక మూల నొక్కగానే అది పక్కకి వాలిపోయింది. మూడు పుల్లలతో త్రికోణం కట్టిచ్చాను. ఎంత నొక్కినా ఆకారం మారలేదు. పుల్ల విరగాలి తప్ప అది వాలదు. తర్వాత చతురస్రానికి మూల నుంచి మూలకి ఇంకో పుల్ల కట్టమంటే చిన్నోడే కట్టాడు. అదీ నిలబడింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

పుల్లైసు పుల్లలు నూరు ఉన్న ప్యాకెట్టు ఒకటి, ఫెవికాల్ డబ్బా ఒకటి కొన్నాం. రెండూ కలిపి వంద రూపాయలు దాటలేదు. ముందు పెద్ద వంతెన జోలికి పోకుండా బుల్లిది చేయించాను. ఒక్కో పక్కకు ఏడే పుల్లలు: కింద రెండు, పైన ఒకటి, మధ్యలో ఏటవాలుగా నాలుగు. పక్కనుంచి చూస్తే మూడు త్రికోణాలు. అలాంటివి రెండు చేసి, మధ్యలో అడ్డపుల్లలు అతికితే జానెడు వంతెన తయారైంది. రెండు పీటల మధ్య పెట్టి, సరిగ్గా మధ్యలో తాళంకప్ప వేలాడదీశాం.

ఇక్కణ్ణుంచే అసలు ఆట. ఈ ఏడింటిలో ఏ పుల్లలు తీసేసి వాటి బదులు దారం కట్టినా వంతెన నిలుస్తుందో చెప్పమన్నాను. దారాన్ని లాగితే ఆగుతుంది, నొక్కితే నలిగిపోతుంది కదా. అంటే దారం చాలిన చోట ఆ పుల్ల లాగుడు మోస్తున్నట్టు. దారం చాలని చోట నొక్కుడు మోస్తున్నట్టు. పై పుల్లే లాగుడు మోస్తుందని చిన్నోడు పందెం కాశాడు. పై పుల్ల కోసి దారం కట్టి తాళం తగిలించగానే వంతెన చతికిలబడింది. పందెం అర్ధరూపాయి చాక్లెట్టు, ఇప్పటికీ బాకీ ఉన్నాడు. మళ్లీ పుల్ల అతికి, కింది రెండింటి బదులు దారం కట్టాం. నిలిచింది. మధ్యలో కిందికి దిగే రెండు ఏటవాలు పుల్లల బదులు దారం కట్టాం. అదీ నిలిచింది. చివర్ల నుంచి పైకెక్కే రెండింటికి కడితే మాత్రం కూలిపోయింది. ఒక రోజు అతకడం, ఎండబెట్టడం, మర్నాడు తగిలించి చూడడం. దీనికే నాలుగు రోజులు పట్టింది. మనవరాలు నోటు పుస్తకంలో రాసుకుంది: మూడు నొక్కుడు, నాలుగు లాగుడు. మధ్యవైపుకి ఎక్కేవి నొక్కుడు, మధ్యవైపుకి దిగేవి లాగుడు. ఈ మాట నేను చెప్పింది కాదు, తనే పట్టుకుంది. ముప్పై ఎనిమిదేళ్లలో నేనెప్పుడూ ఇంత తేలిగ్గా చెప్పలేకపోయాను.

లాగుడు మోసే నాలుగింటికీ దారం కట్టేసి చూస్తే, పుల్లలు మూడే మిగిలాయి. అటొకటి ఎక్కుతుంది, పైనొకటి పడుకుంటుంది, ఇటొకటి దిగుతుంది. కింద దారం. పిల్ల కాసేపు దాన్నే చూసి, ‘ఇది ఆర్చి బ్రిడ్జిలా ఉంది తాతయ్యా’ అంది. నిజమే కదండీ. విల్లు, వింటినారి. విల్లు నొక్కుడు మోస్తుంది, నారి లాగుడు మోస్తుంది. కాంక్రీటు నొక్కుడికి ఏనుగంత గట్టిది, లాగుడికి మాత్రం పగుళ్లిస్తుంది. అందుకే ఆ బ్రిడ్జిలో కింద నారిలా ఉండే గర్డరులో ఉక్కు తీగలు పెట్టి బిగలాగారు. ఆ పని జరిగే రోజుల్లో నేను పక్కనున్న పాత బ్రిడ్జి మీద డ్యూటీలో ఉండి రోజూ చూశాను. ఇన్నేళ్లకి ఒక తాళంకప్ప, ఒక దారపుండ సాయంతో మనవరాలు నాకు దాన్ని మళ్లీ చూపించింది.

తర్వాత పెద్ద వంతెన. రెండడుగుల పొడవు, పక్కకు ఇరవై మూడు పుల్లలు, రెండు పక్కలూ కలిపి నలభై ఆరు, అడ్డపుల్లలు పదమూడు. మొత్తం యాభై తొమ్మిది. అతికిన చోటల్లా బట్టల క్లిప్పులు పెట్టి రాత్రంతా వదిలేయాలి. దండెం మీది క్లిప్పులన్నీ మాయమయ్యాయని మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక, వంకరగా వచ్చిన నాలుగు అతుకులు విప్పి నేనే చక్కగా అతికేశాను. పొద్దున్నే కనిపెట్టేసింది. ‘ప్రాజెక్టు నీదా నాదా తాతయ్యా?’ అని ఆ నాలుగూ పీకి మళ్లీ తన వంకరలోనే అతుక్కుంది. అప్పట్నుంచి నేను కుర్చీలోంచి లేవలేదు. ఫొటోల్లో కనిపించే ప్రాజెక్టుల్లో సగం పెద్దవాళ్ల చేతులే ఉంటాయని నా అనుమానం. నా చేతులే ఆగలేదు మరి.

మొదటి పరీక్ష వరండాలో, రెండు కుర్చీల మధ్య. వంతెన మధ్యలో తాడుతో బకెట్టు వేలాడదీసి లీటరు సీసాతో కొలిచి నీళ్లు పోశాం. ఏడో లీటరుకి ఫట్‌మని ఊడింది. పుల్ల ఒక్కటీ విరగలేదు, అతుకులే విడిపోయాయి. నేను నోరు కట్టుకుని కూర్చున్నాను. అక్కాతమ్ముళ్లే ముక్కలన్నీ ఏరి, ఎక్కడ ఊడిందో చూసుకున్నారు. పుల్ల మీద పుల్ల అతికిన చోటు గోరంత కూడా లేదు. అంత బరువు అంత చిన్న చోటు మీద పడితే ఊడదా? అప్పుడు మాత్రం పాత బ్రిడ్జి ఫొటో ఒకటి తీసి చూపించాను. కడ్డీలు కలిసే ప్రతి చోటా ఒక రేకు ఉంటుంది, గస్సెట్ ప్లేటు అంటాం. కడ్డీలన్నీ దానికి రివెట్లతో బిగిస్తారు. మా పనిలో సగం ఆ రివెట్లే. ఒక వైపు వేలు ఆనించి, రెండో వైపు చిన్న సుత్తితో తట్టాలి. గట్టి రివెట్టయితే ఠంగుమంటుంది, వదులైతే వేలికి అదురు తెలుస్తుంది. చెవికంటే వేలే ముందు చెబుతుంది.

మరి మాకు రేకులెక్కడివి? ఇంట్లో పెళ్లి శుభలేఖలున్నాయి కదా. ఈ మధ్య శుభలేఖలు అట్టపెట్టెల్లా వస్తున్నాయి. పారేయడానికి మనసు రాదు, దాచుకోడానికి చోటు చాలదు. అవి కత్తిరించి ప్రతి కలయిక దగ్గరా రెండు వైపులా అతికారు. ఎవరి పెళ్లి శుభలేఖో గానీ, ‘ఆశీర్వదించ ప్రార్థన’ అన్న ముక్క సరిగ్గా మధ్య కీలు మీదికొచ్చింది.

ఒక కొసన రెండు గుండ్రటి పెన్సిళ్లు పెట్టమన్నాను. ఉక్కు ఎండకి సాగుతుంది. 91.5 మీటర్ల స్పాను ముప్పై డిగ్రీల వేడి తేడాకి మూడు సెంటీమీటర్ల పైన పెరుగుతుంది. రెండు కొసలూ బిగించేస్తే ఎటు పోవాలి? అందుకే ఒక కొస కదలకుండా, రెండో కొస జరిగేలా బేరింగుల మీద కూర్చోబెడతారు. వాటికి గ్రీజు పెట్టడానికి స్తంభాల మీదికి దిగి ఎన్ని పగళ్లు గడిపానో లెక్క లేదు. కింద గోదారి, పైన రైలు. చెక్క వంతెన ఎండకి అంతగా సాగదనుకోండి, కానీ బరువు పడుతుంటే ఆ పెన్సిళ్లు రవ్వంత దొర్లడం పిల్లలు కళ్లారా చూశారు.

రెండో పరీక్ష. పది లీటర్లు, పన్నెండు, పదిహేను. బకెట్టు నిండిపోయింది, వంతెన కిక్కురుమనలేదు. చిన్నోడు పరిగెత్తుకెళ్లి రుబ్బురోలు పొత్రం తెచ్చి బకెట్టులో వేసేశాడు. నీళ్లు పొర్లి వరండా అంతా చెరువైంది. ‘నీళ్లు పోతే బరువు తగ్గిందిగా, లెక్క తప్పిపోయింది’ అని అక్క వాడి నెత్తిన ఒకటి మొట్టింది. మళ్లీ నీళ్లు నింపి, పొత్రాన్ని వేరే తాడుతో పక్కనే కట్టారు. పొత్రం నాలుగు కిలోలు. బకెట్టు బరువు వదిలేస్తే పందొమ్మిది కిలోలు. అర నిమిషం ఆగింది. తర్వాత పై భాగం మొత్తం ఒక పక్కకి, ఒద్దికగా, పడుకోబోయే మనిషిలా వాలిపోయి పెళపెళ విరిగింది. ముందు రోజు వీధి చివరి కిరాణా కొట్టు కాటా మీద తూచాం, వంతెన సొంత బరువు నూట ముప్పై గ్రాములు.

విరిగినదాన్ని చేతిలో పట్టుకుని పిల్ల చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. అతుకులు బాగానే ఉన్నాయి. పక్కల త్రికోణాలు బాగానే ఉన్నాయి. ఉన్నట్టుండి, ‘తాతయ్యా, పైన అన్నీ చతురస్రాలే!’ అని అరిచింది. అవునండీ. పక్కలకి త్రికోణాలు పెట్టాం గానీ, పై కప్పుకి అడ్డపుల్లలు మాత్రమే వేశాం. పైనుంచి చూస్తే నిచ్చెనలా చతురస్రాల వరుస. మొదటి రోజు చీపురుపుల్లల చతురస్రం పక్కకి ఎలా వాలిందో, ఇదీ అలాగే వాలింది. నాకు ముందే తెలుసా అంటే తెలుసు. చెప్పలేదు. చెప్పకుండా నోరు కట్టుకుని కూర్చోవడం సుత్తి పట్టినదానికంటే కష్టంగా ఉంది.

ఇంకోటి చేద్దామంటే సెలవులు అయిపోయాయి. పిల్ల ఆ విరిగిన వంతెనే తీసుకెళ్తానంది. ఒక చీటీ రాసి కట్టింది: ‘సొంత బరువు 130 గ్రాములు. మోసిన బరువు 19 కిలోలు. విరిగిన చోటు: పై కప్పు. కారణం: పైన త్రికోణాలు లేవు.’ కొసన పెన్సిళ్లు కూడా పెట్టుకుంది.

పదికి ఐదు మార్కులు వచ్చాయి. ‘విరిగింది తీసుకురాకూడదమ్మా’ అన్నారట టీచరమ్మ. వంతెన కింద మర్చిపోయిందనుకుని పెన్సిళ్లు తీసి జాగ్రత్తగా తనకే ఇచ్చారట. బల్బులు వెలిగిన వంతెనలకు పదికి పది. పిల్ల ఏడవలేదు గానీ, రాత్రి అన్నం తింటూ ‘వచ్చేసారి కొనేద్దాం తాతయ్యా’ అంది. ఆ మాటకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ టీచరమ్మ మీద నాకు కోపం లేదు, స్కూలు పేరు కూడా రాయను. ఒక్క పీరియడులో నలభై వంతెనలు చూసి మార్కులేయాలంటే ఎవరైనా రంగూ బల్బులే చూస్తారు. తప్పు ఆ వాట్సాప్ లైనులో ఉంది. ‘వంతెన చేయండి’ అని కాకుండా, ‘నూరు పుల్లలకు మించకుండా, రెండడుగుల ఖాళీ దాటేలా, ఎక్కువ బరువు మోసేలా చేయండి, క్లాసులోనే విరగ్గొడదాం’ అని రాసి చూడండి. రెడీమేడ్ వంతెన ఆ క్లాసు గుమ్మం తొక్కదు. మార్కులు మోసిన బరువుకి కొన్ని, ఎక్కడ విరిగిందో ఎందుకు విరిగిందో చెప్పినదానికి ఎక్కువ. రంగుకి సున్నా అయినా నాకు అభ్యంతరం లేదు. పుల్లల ప్యాకెట్టు కొనలేని పిల్లలుంటే చీపురుపుల్లలూ దారమూ చాలు. లేదా మీ పత్రికే ఉంది. ఒక్కో కాగితాన్ని సన్నటి గొట్టంలా బిగించి చుట్టి, మైదా జిగురు పూసి ఆరబెడితే మంచి కడ్డీ అవుతుంది. చుట్టేముందు చదువుకోవచ్చు కూడా.

మీకూ ఒక మనవి. ఈసారి ఇలాంటి ఫొటో వేస్తే, కింద పిల్లల పేర్లతో పాటు ఏ వంతెన ఎన్ని కిలోలు మోసిందో కూడా వేయండి. విరిగిన వంతెన పట్టుకున్న పిల్ల ఫొటో ఒక్కటైనా వేయండి.

కొవ్వూరు, రాజమండ్రి చుట్టుపక్కల ఏ స్కూలు వాళ్లు పిలిచినా వస్తాను. ఆటో చార్జీ కూడా అక్కర్లేదు. బకెట్టు, లీటరు సీసా, తాడు నేనే తెస్తాను. పొత్రం మాత్రం మా ఆవిడ ఇవ్వనంటోంది, ఒక ఇటుక మీరు సిద్ధంగా ఉంచుకుంటే చాలు.

ఇట్లు,
రిటైర్డ్ రైల్వే బ్రిడ్జి మేస్త్రీ,
కొవ్వూరు, తూర్పు గోదావరి జిల్లా